పటం గోడకెక్కింది... కథ ఎక్కడికి పోయింది?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా చదువు మీద, ఉద్యోగాల మీద, రిజర్వేషన్ల మీద, స్కాలర్‌షిప్పుల మీద వ్యాసాలు వస్తుంటాయి. అవి రావలసినవే. మెస్ ఛార్జీలు, కాస్మెటిక్ ఛార్జీలు పెంచాలని మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు? అయితే ఈసారి నేను ఒక ఊరి గురించి, ఆ ఊళ్లో తయారయ్యే ఒక పటం గురించి, ఆ పటం మీద ఉన్న మన కథల గురించి రాయదలచుకున్నాను.

ముందుగా ఒక ప్రశ్న. రాముడి తమ్ముళ్ల పేర్లు అడిగితే మనలో ఎవరైనా తడుముకోకుండా చెప్తారు. పాండవుల పేర్లు వరసగా చెప్తారు. మరి జాంబవుడు ఎవరు, మడేలయ్య ఎవరు, భావనారుషి ఏం నేశాడు అని అడిగితే? మాదిగ ఇంట్లో పుట్టిన పిల్లలకు జాంబపురాణం తెలియదు. చాకలి ఇంట్లో పుట్టిన పిల్లలకు మడేలు పురాణం తెలియదు. పద్మశాలి పిల్లల్లో ఎక్కువమందికి భావనారుషి పేరు తెలుసు కాని కథ తెలియదు. ఇవి పరాయివాళ్ల కథలు కావు. మన తాతలు, అమ్మమ్మలు వాడ నడుమ రాత్రంతా కూర్చొని విన్న కథలు. బడి పుస్తకాల్లో అవి లేవు. టీవీలో రావు. చేర్యాల నకాషీ పటాల మీద మాత్రం ఉన్నాయి.

నా అభిప్రాయం మొదటే సూటిగా చెప్తాను. చేర్యాల పటం బతికిందని అందరూ సంతోషపడుతున్నారు. సంతోషించవలసిందే. కాని పటం ముందు నిలబడి కథ చెప్పేవాడు లేకపోతే అది సగం కళే. ఆ రెండో సగాన్ని నిలబెట్టుకోవలసిన బాధ్యత షోరూంల కంటే, ప్రభుత్వం కంటే ముందు మనది. ఎందుకంటే ఆ కథలు మనవి.

చేర్యాల వెళ్తే ఏం కనిపిస్తుంది?

చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా వరంగల్ జిల్లాలో ఉండేది. చాదర్‌ఘాట్ నుంచి ఉప్పల్ చేరుకొని వరంగల్ పోయే బస్సెక్కి జనగామలో దిగాలి. అక్కడ సిద్దిపేట బస్సు పట్టుకుంటే దారిలో చేర్యాల వస్తుంది. పొద్దున్నే బయలుదేరితే రాత్రికి హాస్టల్‌కు తిరిగి రావచ్చు. కొమురవెల్లి మల్లన్న గుడి అక్కడికి దగ్గరే. మల్లన్న జాతరకు పోయి పట్నాలు, బోనాలు చూసినవాళ్లు, ఒగ్గు కథ విన్నవాళ్లు మనలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లలో చాలామంది చేర్యాల మీదుగానే పోయి ఉంటారు. అక్కడ దిగినవాళ్లు మాత్రం తక్కువ.

పోయిన ఎండాకాలం సెలవుల్లో నేను ఇద్దరు మిత్రులతో కలిసి వెళ్లాను. ఊరంతా బొమ్మలతో మెరిసిపోతుందని అనుకొని వెళ్లకండి. ఎరువుల దుకాణాలు, సెల్‌ఫోన్ దుకాణాలు, టీ హోటళ్లు ఉన్న మామూలు ఊరు. లోపలి వీధుల్లో వేళ్ల మీద లెక్కపెట్టగల ఇళ్లలో మాత్రమే ఈ పని నడుస్తోంది. పని చేసేవారిని నకాషీలు అంటారు. బొమ్మ గీయడాన్ని చెప్పే ‘నక్ష్’ అనే మాట నుంచి ఆ పేరు వచ్చింది. హైదరాబాదులో పెరిగిన మనకు ఆ మాట కొత్తేమీ కాదు.

పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి అంబలి చేస్తారు. అందులో తెల్ల సుద్ద, బంక కలిపి ఖద్దరు బట్టకు పొరలు పొరలుగా పట్టించి ఎండబెడతారు. ఆరిన బట్ట గట్టిపడి రంగును పట్టుకుంటుంది. చుట్టచుట్టి మోసుకుపోవడానికి కూడా వీలుగా ఉంటుంది. సన్నని కుంచెతో ముందు గీతలు గీస్తారు. వెనుక భాగమంతా ఎరుపు. ఆ ఎరుపు చూస్తే చాలు, ఇది చేర్యాల పటమని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. కథ చెప్పడానికి వేసే పాతకాలపు పటం మూడడుగుల వెడల్పుతో 30, 40 అడుగుల పొడవు దాకా ఉండేది. దాన్ని పూల అంచులతో అరలుగా విడగొట్టి ఒక్కో అరలో ఒక్కో ఘట్టం వేస్తారు. కథకుడు చుట్ట విప్పుకుంటూ పోతుంటే కథ కిందికి నడుస్తుంది. సినిమా రీలు రాకముందు మన ఊళ్లకు అదే సినిమా.

ఇదే చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి బొమ్మలు, ముఖాలు కూడా చేస్తారు. ఈ రోజుల్లో ఎక్కువగా అమ్ముడుపోయేవి అవే. పటాల్లోనూ చిన్నవే ఎక్కువ. అద్దం కట్టించి గోడకు వేలాడదీసుకోవడానికి ఒక్క అర, ఒక్క ఘట్టం సరిపోతుంది. ముప్పై అడుగుల పటం ఎవరింట్లో పడుతుంది?

వేసేది ఒకరు, చెప్పేది ఒకరు, వినేది ఒకరు

ఈ కళను అర్థం చేసుకోవాలంటే ఒక సంగతి తెలియాలి. పటం వేసేవాడు కథ చెప్పడు. కథ చెప్పేవాడు పటం వేయడు. వినేవాళ్లు మరో కులం. ముక్కాలి పీటలాగా ఈ ముగ్గురూ ఉంటేనే అది నిలబడేది.

పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు కూనపులివారు. తామర తూడుల నార తీసి దేవతలకు బట్టలు నేసిన భావనారుషి కథ అది. గౌడులకు గౌడ పురాణం చెప్పేవారు గౌడజెట్టీలు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేవారు కాకిపడగలవారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారు పటానికి బదులు రంగులు వేసిన బొమ్మలు వరసగా నిలబెట్టి కథ నడిపిస్తారు. మాదిగలకు జాంబపురాణం చెప్పేవారు డక్కలివారు. చేతిలో కిన్నెర, ఎదురుగా పటం. భూమి పుట్టకముందే పుట్టినవాడు జాంబవుడని ఆ కథ మొదలవుతుంది.

ఈ కథకులకు ఊళ్ల మీద హక్కు ఉండేది. దాన్ని మిరాశి అంటారు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో చెప్పుకోవాలో ముందే పంచుకొని ఉంటారు. ఒకరి మిరాశి ఊళ్లోకి ఇంకొకరు రారు. పంటలు ఇంటికొచ్చిన తర్వాత వచ్చి కొన్ని రాత్రులు కథ చెప్పి, వడ్లు, బట్టలు, డబ్బు తీసుకొని పోతారు. అది బిచ్చం కాదు, హక్కు. వాళ్లే వెళ్లి నకాషీలకు కొత్త పటం చెప్పి వేయించుకునేవారు. పటం పాతబడి చిరిగిపోతే చెత్తలో పారేయరు. పూజ చేసి ఏటిలో కలుపుతారు. దేవుడి విగ్రహానికి ఇచ్చే మర్యాద దానికీ ఉండేది.

మాది జనగామ వైపు ఒక పల్లె. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. నా చిన్నప్పుడు డక్కలివాళ్లు మా వాడ బయట చింతచెట్టు కింద దిగేవాళ్లు. మా నాయినమ్మ చాటలో వడ్లు పోసుకొని పోయేది. కథ పూర్తిగా నాకు గుర్తులేదు కాని, భూమి కంటే ముందు మనవాడు పుట్టిండని నాయినమ్మ మళ్లీ మళ్లీ అనడం గుర్తుంది. నేను ఏడో తరగతికి వచ్చేసరికి వాళ్లు రావడం మానేశారు. ఎందుకు రావడం లేదని వాడలో ఎవరూ అడిగినట్టు లేదు.

షోరూంలో పటం, అడ్డా మీద కళాకారుడు

కథకులు ఎందుకు రావడం మానేశారు? ఒక్క కారణం కాదు. మొదట సినిమా, తర్వాత టీవీ, ఇప్పుడు సెల్‌ఫోన్ వచ్చాయి. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. వాళ్లను పోషించిన కులాలే చితికిపోయాయి. మగ్గం కూలిన పద్మశాలి సూరత్, భీవండి పోయాడు. తోలు పని పోయిన మాదిగ కూలికి పట్నం వచ్చాడు. తనకే తిండి లేనివాడు కథ చెప్పేవాడికి వడ్లు ఎక్కడి నుంచి పెడతాడు? పోషించే కులం బలహీనపడగానే కథకుడు వీధిన పడ్డాడు. కథకుడు పటం వేయించడం మానేయగానే నకాషీ చేతిలో పని పోయింది.

నకాషీని మార్కెట్ ఆదుకుంది. కళలు తెలిసిన కొందరు పెద్దలు, ప్రభుత్వ హస్తకళల సంస్థలు ముందుకొచ్చి పటాన్ని చిన్నగా వేయించి పట్నానికి తెచ్చారు. చేర్యాల కళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నకాషీ కళాకారులకు జాతీయ పురస్కారాలు వచ్చాయి. నాంపల్లిలో 1938 నుంచి జరుగుతున్న నుమాయిష్‌లో తిరిగితే హస్తకళల దుకాణాల్లో చేర్యాల ముఖాలు కనిపిస్తాయి. ఆబిడ్స్ వైపు షోరూంలలో అద్దాల వెనుక పటాలు కనిపిస్తాయి. దీన్ని నేను తప్పుపట్టడం లేదు. కొనేవాళ్లే లేకపోతే చింతగింజలు నానబెట్టే ఆ కొద్ది ఇళ్లు కూడా ఉండేవి కావు.

కథకుణ్ణి మాత్రం మార్కెట్ ఆదుకోలేదు. బొమ్మను గోడకు తగిలించుకోవచ్చు, మనిషిని తగిలించుకోలేం కదా! ఒక షోరూంలో పటం చూస్తూ ఇది ఏ కథ అని అడిగాను. అమ్మే అమ్మాయి మర్యాదగానే చెప్పింది, విలేజ్ సీన్ అని. ఆ పటంలో బట్టలు ఉతికే మనిషి ఉన్నాడు. అతని పక్కన దేవతలు ఉన్నారు. దేవతల మధ్య చాకలి ఎందుకున్నాడని కొనేవాళ్లు అడగరు, అమ్మేవాళ్లకు ఎవరూ చెప్పలేదు. దేవతల సరసన నిలబడిన మడేలయ్య పట్నం వచ్చేసరికి ఊరి దృశ్యంలో ఒక మామూలు మనిషి అయిపోయాడు. కథకుడు లేకపోతే జరిగేది ఇదే.

కిన్నెర మొగులయ్య సంగతి అందరికీ తెలుసు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2021లో వచ్చిన సినిమా పాటతో ఆయన గొంతు ఊరూరా వినిపించింది. 2024లో అదే మనిషి కట్టడం పని దగ్గర కూలి చేస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. పద్మశ్రీ వచ్చినవాడి సంగతే అలా ఉంటే, పేరు తెలియని కథకుల సంగతి వేరే చెప్పాలా?

జర్మనీలో ఒక పల్లె

పటం వేసేవాళ్లు, కథ ఆడేవాళ్లు, వినేవాళ్లు విడిపోకుండా ఉంటే ఎలా ఉంటుంది? దీనికి ఉదాహరణగా పుస్తకాల్లో చదివిన ఒక ఊరి గురించి చెప్తాను. జర్మనీలో బవేరియా ప్రాంతంలో, ఆల్ప్స్ కొండల దగ్గర ఓబరామర్‌గౌ అనే పల్లె ఉంది. జనాభా సుమారు ఐదు వేలు. మన దగ్గర ఒక పెద్ద గ్రామ పంచాయతీ అంత. తరతరాలుగా అక్కడ చెక్క మీద బొమ్మలు చెక్కుతారు. ఇళ్ల గోడల మీద బైబిలు కథలు, జానపద కథలు రంగుల్లో వేస్తారు. మన నకాషీ వీధి లాంటిదే అనుకోండి.

1633లో అక్కడ ప్లేగు వచ్చి జనం చనిపోయారు. ఈ గండం గడిస్తే ఏసుక్రీస్తు చివరి రోజుల కథను నాటకంగా ఆడతామని ఊరంతా మొక్కుకుంది. మరుసటి ఏడాది, 1634లో, మొదటిసారి ఆడారు. తర్వాత పదేళ్లకొకసారి ఆడుతూ వచ్చారు. 2020లో ఆడవలసింది కరోనా వల్ల 2022కు వాయిదా పడింది. మళ్లీ 2030లో ఆడాలి. నాటకం సుమారు ఐదు గంటలు నడుస్తుంది. నటించేది బయటి నుంచి తెచ్చిన నటులు కాదు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లు, లేదా ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాళ్లే నటించాలి. వడ్రంగి, టీచరు, దుకాణదారు, బడి పిల్లలు అందరూ రంగం మీదికి వస్తారు. ఏడాది ముందు నుంచే జుట్టు, గడ్డం పెంచుతారు. ప్రపంచం నలుమూలల నుంచి లక్షల మంది వచ్చి చూస్తారు. వచ్చిన ఆదాయం ఊరికి ఉపయోగపడుతుంది.

ఇందులో మనం నేర్చుకోవలసింది వాళ్ల భక్తి గురించి కాదు. రెండు సంగతులు చూడండి. ఒకటి, కథను, కళను వాళ్లు విడదీయలేదు. చెక్క బొమ్మ కొనడానికి వచ్చినవాడికి కథ తెలుస్తుంది, కథ చూడ్డానికి వచ్చినవాడు బొమ్మ కొంటాడు. రెండు, సంప్రదాయం పేరుతో వాళ్లు గడ్డకట్టుకొని కూర్చోలేదు. పెళ్లయిన స్త్రీలు, 35 ఏళ్లు దాటిన స్త్రీలు నటించకూడదనే నియమం అక్కడ ఉండేది. స్త్రీలు కోర్టుకు పోయారు. 1990 నాటకం నాటికి ఆ నియమం పోయింది. యూదుల మీద ద్వేషం పెంచే మాటలు పాత నాటకంలో చాలా ఉండేవి. 1934లో హిట్లర్ వచ్చి చూసి మెచ్చుకున్న నాటకం అది. 1990 నుంచి దర్శకుడిగా ఉన్న క్రిస్టియన్ ష్టూక్ల్, ఆయన తోటివారు ఆ మాటలను ఒక్కొక్కటిగా తీసేస్తూ వచ్చారు. ఏసు కూడా యూదుడేనని రంగం మీద స్పష్టంగా చూపించారు. 2022లో జూడాస్ వేషం వేసినవారిలో టర్కీ మూలాలున్న ముస్లిం యువకుడు ఒకరు. ఊళ్లో ఉన్నవాడు ఊరి కథలో ఉండవచ్చని ఆ ఊరు ఒప్పుకుంది. ఊరికే ఒప్పుకోలేదు, గొడవలు పడి ఒప్పుకుంది.

మన దగ్గరా మార్పు వచ్చింది, కాని అందరికీ రాలేదు

మన తెలుగువాళ్లకూ ఇలాంటి ఊరు ఉంది. కృష్ణా జిల్లా కూచిపూడి. సిద్ధేంద్ర యోగి భామాకలాపం అక్కడి బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లు ఆడేవారు. ప్రతి మగపిల్లవాడు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది అక్కడి కట్టుబాటు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషానికి 1970లో పద్మశ్రీ దాకా వచ్చింది. వెంపటి చినసత్యం వంటి గురువులు మద్రాసులో బడి పెట్టి ఆడపిల్లలకు, అన్ని కులాలవారికి నేర్పారు. ఈ రోజు అమెరికాలో కూడా మన తెలుగు ఆడపిల్లలు కూచిపూడి నేర్చుకుంటున్నారు. మారింది కాబట్టే బతికింది.

మరి చిందు భాగవతం? మాదిగల ఆశ్రిత కులమైన చిందువారు తరతరాలుగా యక్షగానాలు ఆడుతున్నారు. అక్కడ ఆడవాళ్లు ఎప్పటి నుంచో రంగం మీద ఉన్నారు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ పేరు తెలియనివాళ్లు మన జానపద కళారంగంలో లేరు. ఆమె 2005లో చనిపోయారు. మా జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. కాని కూచిపూడికి డిప్లొమాలు ఉన్నాయి, అకాడమీలు ఉన్నాయి, అమెరికాలో బడులు ఉన్నాయి. చిందుకు ఏం ఉంది? డక్కలి కథకు ఏం ఉంది? ఒకదాన్ని శాస్త్రీయం అన్నారు, ఇంకోదాన్ని జానపదం అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో మన హాస్టల్ పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెండు అభ్యంతరాలు

ఈ మాటలు హాస్టల్ గదిలో అన్నప్పుడు మిత్రులు రెండు అభ్యంతరాలు చెప్పారు. రెండూ బలమైనవే.

మొదటిది. “బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లోనే కుల నిర్మూలన రాశాడు. నువ్వేమో కుల పురాణాలు కాపాడాలంటావు. ఇది వెనక్కి పోవడం కాదా?” ఈ ప్రశ్నను పక్కన పెట్టలేం. కుల పురాణాల్లో గౌరవం ఉంది, కులం కూడా ఉంది. డక్కలివాళ్లు మా వాడ బయటే ఎందుకు దిగేవాళ్లు? మాదిగవాడలోకి వాళ్లను రానిచ్చేవాళ్లు కాదు కాబట్టి. ఊరు మమ్మల్ని ఎంత దూరం పెట్టిందో మా వాడ వాళ్లను అంత దూరం పెట్టింది. మా పుట్టుక గొప్పదని చెప్పినవాణ్ణే మేము లోపలికి పిలవలేదు. ఈ నిజం దాచిపెట్టి కథను మెచ్చుకోవడం అన్యాయం. అందుకే కథను ఉన్నదున్నట్టు పూజించమని నేను అనడం లేదు. వినాలి, రాసుకోవాలి, ప్రశ్నించాలి. ఓబరామర్‌గౌ వాళ్లు తమ నాటకంలోని విషాన్ని తీసేసి నాటకాన్ని ఉంచుకున్నారు. మనమూ కథకుణ్ణి వాడ బయట ఉంచే ఆచారాన్ని వదిలేసి కథను ఉంచుకుందాం. విననిదాన్ని విమర్శించడం కూడా కుదరదు కదా.

ఇంకో మాట. డక్కలి పిల్లవాడు డక్కలి కథే చెప్పాలని నేను అనను. వాడు ఇంజనీరు కావచ్చు, ఎస్సై కావచ్చు. వాళ్ల నాయిన కిన్నెర వాడికి బరువు కాకూడదు. కథ చెప్పే పనిని కులం నుంచి విడిపించి ఇష్టం ఉన్నవాడి చేతికి ఇవ్వాలి. ఒక మాదిగ పిల్లవాడు డక్కలి గురువు కాళ్ల దగ్గర కూర్చొని జాంబపురాణం నేర్చుకున్న రోజున అది కులాన్ని కాపాడటం అవుతుందా, కదిలించడం అవుతుందా? మీరే ఆలోచించండి.

రెండో అభ్యంతరం. “గ్రూప్స్ నోటిఫికేషన్లు చూసుకోవాలా, పటం కథలు వినాలా? మన ఇళ్ల పరిస్థితి నీకు తెలియదా?” తెలుసు. మా ఇంట్లోనూ నా ఉద్యోగం కోసమే ఎదురు చూస్తున్నారు. నేను అడిగేది ఏడాదికి ఒక్క రాత్రి. వార్షికోత్సవం రోజున మనం సౌండు బాక్సులకు, సినిమా పాటల డ్యాన్సులకు ఎంతో కొంత ఖర్చు పెడుతూనే ఉన్నాం. డ్యాన్సులు వద్దనడం లేదు, నేనూ వేశాను. ఆ ఖర్చులో కొంత, ఆ రాత్రిలో కొంత అడుగుతున్నాను. పైగా ఇంటర్వ్యూలో మీ ప్రాంతపు కళ గురించి చెప్పమంటే చేర్యాల పటం అని రెండు ముక్కలు చెప్పి ఆగిపోయేవాడికీ, ఆ పటంలో కథ విన్నవాడికీ తేడా ఉండదా?

మనం చేయగలిగింది

అందుకే వచ్చే వార్షికోత్సవ కమిటీ ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి. వచ్చే ఏడాది వార్షికోత్సవానికి ఒక పటం కథ బృందాన్ని పిలుద్దాం. డక్కలివారు కావచ్చు, కూనపులివారు కావచ్చు, కాకిపడగలవారు కావచ్చు. పది నిమిషాల ప్రదర్శన ఇచ్చి శాలువా కప్పి పంపించడం వద్దు. కనీసం రెండు గంటలు కథ చెప్పించుకుందాం. రానుపోను ఖర్చులతో పాటు ముందుగా మాట్లాడుకున్న పారితోషికం ఇద్దాం. మనతో పాటు మెస్‌లో ఒకే వరసలో కూర్చోబెట్టి భోజనం పెడదాం. తరాలుగా వాడ బయట దిగినవాళ్లు మన పక్కన కూర్చొని తినడం కథంత ముఖ్యమైన సంగతి.

రెండు. ఆ కథను సెల్‌ఫోన్లలో రికార్డు చేసి, కథకుడి అనుమతితో, ఆయన పేరుతో రాసి వచ్చే సంచికలో వేద్దాం. ఉస్మానియాలో 1950లలోనే బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేశారు. ఆయన తర్వాత ఎందరో ఊరూరా తిరిగి సేకరించారు. ఆ పని విశ్వవిద్యాలయాలదే అని మనం చేతులు కట్టుకోనక్కర్లేదు. మనలో ప్రతి ఒక్కరూ సెలవులకు ఇంటికి పోయినప్పుడు తమ ఊరికి ఏ కథకులు వచ్చేవారు, ఎప్పుడు ఆగిపోయారు అని పెద్దవాళ్లను అడిగి ఒక పేజీ రాసుకొస్తే చాలు. అందరి పేజీలు కలిపితే తెలంగాణ జిల్లాల చరిత్రే ఒక పుస్తకం అవుతుంది.

మూడు. ఏడాదికొకసారి చేర్యాల ప్రయాణం పెడదాం. చూసి రావడం కాకుండా, వార్షికోత్సవానికి వచ్చే కథకుడి కోసం ఒక కథ పటం వేయించే ప్రయత్నం చేద్దాం. ముప్పై అడుగులు మన శక్తికి మించితే పది అడుగులే వేయిద్దాం. పూర్వ విద్యార్థుల్లో ఉద్యోగాలు చేస్తున్న అన్నలు, అక్కలు తలా ఒక చేయి వేస్తే అది పెద్ద భారం కాదు. నకాషీ చేతికి కథ పటం పని, కథకుడి చేతికి కొత్త పటం, మనకు కథ. విరిగిన ముక్కాలి పీటకు కాళ్లు తిరిగి వస్తాయి.

నాలుగు. ప్రభుత్వానికి ఒక వినతిపత్రం ఇద్దాం. హస్తకళల షోరూంలలో అమ్మే ప్రతి చేర్యాల పటం వెంట ఆ కథ ఏమిటో, దాన్ని చెప్పేవారు ఎవరో తెలుగులో ఒక కాగితం పెట్టమని అడుగుదాం. 1985లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన తెలుగు విశ్వవిద్యాలయం వంటి చోట్ల డిగ్రీ ఉందా లేదా అని చూడకుండా కథకులను గురువులుగా పెట్టుకోవాలని అడుగుదాం. వాళ్ల పిల్లలకు మన హాస్టళ్లలో సీటు దొరికేలా, కుల సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగకుండా చూడాలని అడుగుదాం. సంచార జీవితం గడిపేవాళ్లకు స్థిరమైన చిరునామా ఉండదు. చిరునామా లేనివాడికి సర్టిఫికెట్ దొరకడం ఎంత కష్టమో మనకంటే ఎవరికి బాగా తెలుసు?

మిత్రులారా! మన గదుల్లో ఉన్నవాళ్లలో కథకుల కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు కూడా ఉండవచ్చు. ఫలానా కులమని చెప్తే నవ్వుతారేమోనని చెప్పకుండా ఉండవచ్చు. పటం కథ మన వేదిక ఎక్కిన రోజున, ఆ అన్నో తమ్ముడో వెనుక వరసలో నుంచి లేచి “ఈ కథ మా తాత చెప్పేవాడు” అని ధైర్యంగా అనగలగాలి. కమిటీ మిత్రులు బడ్జెట్ రాసుకునేటప్పుడు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలని కోరుతున్నాను.

జై భీమ్!

— ఒక పి.జి. విద్యార్థి, చాదర్‌ఘాట్